పదహారేళ్లకు లాసిక్ ఎందుకు చేయరు? పిల్లల కళ్లకు లేజర్ ఎప్పుడు కుదురుతుంది, ఎప్పుడు కుదరదు

ఈఏపీసెట్ రాసేశాక, కాలేజీలో చేరేలోపు దొరికే ఖాళీలో విశాఖలోని కంటి ఆసుపత్రులకు పదిహేడేళ్ల పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు చాలామందే ఉంటారు. వాళ్లు అడిగేది ఒక్కటే: ‘మైనస్ నాలుగున్నర ఉందండీ, కొత్త కాలేజీకి కళ్లజోడు లేకుండా వెళ్తానంటోంది, లేజర్ చేసేయండి.’ కళ్లజోడు తీసేయడానికే అయితే పద్దెనిమిది నిండకుండా లేజర్ చేయరు. నిండిన మర్నాడే చేసేస్తారా అంటే అదీ లేదు. ఈ రెండో మాటే ఇంటిల్లిపాదికీ మింగుడుపడదు. పద్దెనిమిది అన్నది కనీస వయసు, తన శరీరం గురించి తానే సంతకం పెట్టగల వయసు. డాక్టరు అసలు చూసేది కన్ను ఎదగడం ఆగిందా లేదా అని.

మైనస్ పవర్ ఉన్న కన్ను సాధారణంగా ముందు నుంచి వెనక్కి ఉండాల్సినదానికంటే పొడవుగా ఉంటుంది. పుట్టినప్పుడు సుమారు 17 మిల్లీమీటర్లు ఉండే కన్ను పెద్దయ్యేసరికి 23, 24 దగ్గర ఆగాలి. అక్కడ ఆగక ఇంకో మిల్లీమీటరు సాగితే రెండున్నర నుంచి మూడు పవర్ వచ్చి చేరుతుంది. దూరం నుంచి వచ్చే వెలుగు కంటి వెనక తెర అయిన రెటీనా మీద పడకుండా దాని ముందే కలుసుకుంటుంది, బోర్డు మసకబారుతుంది. లాసిక్ ఈ పొడవు జోలికి పోదు. కంటి ముందున్న పారదర్శకమైన కార్నియాను ఎక్సైమర్ లేజర్‌తో మైక్రాన్ల లెక్కన చెక్కి, వంపు తగ్గించి, వెలుగును వెనక్కి జరుపుతుంది. ఇవాళ ఉన్న పవర్‌ను తీసేస్తుంది. రేపు పెరగబోయేదాన్ని ఆపే శక్తి దానికి లేదు.

మరి ఎదుగుదల ఆగేది ఎప్పుడు? మైనస్ పవర్ ఉన్న పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన అమెరికా అధ్యయనం ఒకటుంది, పేరు కామెట్. అందులో పదిహేనేళ్లకు పవర్ నిలకడకు వచ్చినవాళ్లు 48 శాతం, పద్దెనిమిదికి 77 శాతం, ఇరవై ఒకటికి 90 శాతం, ఇరవై నాలుగుకి 96 శాతం. అంటే పద్దెనిమిది నిండినవాళ్లలో కూడా దాదాపు నలుగురిలో ఒకరి కన్ను ఇంకా సాగుతూనే ఉంది. ఆ ఒక్కరు మీ అమ్మాయే కావచ్చు, కాకపోవచ్చు. పుట్టినరోజు చూసి చెప్పలేం, పాత కళ్లజోడు చీటీలు చూసి చెప్పగలం. అందుకే కనీసం ఏడాది వ్యవధిలో పవర్ అరకు మించి మారలేదని చూపించమంటారు. రెండేళ్ల చీటీలుంటే ఇంకా మంచిది. జోడు మార్చిన ప్రతిసారీ ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. దాని విలువ తర్వాత తెలుస్తుంది.

తొందరపడితే ఏం పోతుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఒక అబ్బాయి కార్నియా మందం 510 మైక్రాన్లు, పవర్ మైనస్ 6 అనుకోండి. లాసిక్‌లో ముందు పైపొరను ఒక పక్క అతుక్కునే ఉంచి మిగతాది లేపుతారు. దాన్ని ఫ్లాప్ అంటారు, మందం సుమారు 110 మైక్రాన్లు. దాని కింద ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పున చెక్కాలంటే ఒక్కో పవర్‌కి 15 మైక్రాన్ల దాకా పోతాయి. ఆరుకి 90. మొత్తం 200 పోగా అడుగున మిగిలేది 310. అడుగున కనీసం 250 ఉండాలన్నది పాతకాలం నుంచీ ఉన్న హద్దు. 300కి తగ్గనివ్వని సర్జన్లు ఇప్పుడు చాలామంది. ఫ్లాప్, చెక్కినదీ కలిపి మొత్తం మందంలో 40 శాతానికి చేరితే కార్నియా బలహీనపడే ముప్పు పెరుగుతుంది. ఈ అబ్బాయిది 39 శాతం, అంటే ఇప్పటికే అంచు మీద ఉన్నాడు.

ఇప్పుడు పదిహేడేళ్లకే అతనికి లేజర్ చేసేశామనుకుందాం. ఇరవై రెండు వచ్చేసరికి ఇంకో మైనస్ 2 చేరింది. మళ్లీ చెక్కడానికి 30 మైక్రాన్లు కావాలి. అప్పుడు అడుగున 280 మిగులుతుంది, శాతం 45 అవుతుంది. బాధ్యత తెలిసిన సర్జన్ దీనికి ఒప్పుకోరు. జోడు మళ్లీ ముఖం మీదికి వస్తుంది. అదే అబ్బాయి ఆగి, మైనస్ 8 దగ్గర పవర్ నిలిచాక వచ్చి ఉంటే లాసిక్ వద్దనేవారు, నిజమే. కానీ కార్నియాకు చేయి తగలలేదు కాబట్టి కంటి లోపల అమర్చే ఐసీఎల్ లెన్సుకు కొలతలు సరిపోతాయేమో నింపాదిగా చూసేవారు. ఫ్లాప్ లేకుండా చేసే స్మైల్ పద్ధతిలోనూ కార్నియాలోంచి కణజాలం తీయాల్సిందే కాబట్టి ఈ లెక్క నుంచి తప్పించుకోలేం. అమెరికాలో స్మైల్‌కు అనుమతి వచ్చినప్పుడు కనీస వయసు 22 అన్నారు, ఐసీఎల్‌కు 21.

కళ్లు నులుముకునే పిల్లలు

పవర్ నిలవకపోవడం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టే కారణం ఇంకొకటుంది: కెరటోకోనస్. కార్నియా పలచబడి, మధ్యలోనో కిందివైపో కోనులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు ఇది. యుక్తవయసులోనే మొదలవుతుంది, ముప్పై దాటేదాకా ముదురుతూ ఉండొచ్చు. తొలిదశలో పిల్లాడికి ఏ బాధా ఉండదు, మామూలు సైటులాగే కనిపిస్తుంది. ఆ దశలో లాసిక్ చేస్తే, ముందే బలం తగ్గిన కార్నియాను ఇంకా పలచన చేసినట్టవుతుంది. ఆనక అది ముందుకు ఉబ్బిపోతుంది. అప్పుడు ఏ కళ్లజోడుతోనూ సరిగా కనపడదు, గట్టి కాంటాక్ట్ లెన్సులు, కొందరికి కార్నియా మార్పిడి దాకా వెళ్తుంది. పదహారేళ్లకు శుభ్రంగా కనిపించిన కార్నియాలో పంతొమ్మిదేళ్లకు ఈ జబ్బు బయటపడొచ్చు. వయసు కోసం ఆగమనడంలో సగం అర్థం ఇదే.

దీనికి తోడు మన పిల్లల్లో కంటి ఎలర్జీ ఎక్కువ. వేడి, దుమ్ము ఉన్న ప్రాంతాల్లో ఐదారేళ్ల నుంచి కళ్లు దురద, ఎరుపు, తీగలు సాగే పుసి, వెలుతురు పడకపోవడం కనిపిస్తాయి. వర్నల్ ఎలర్జీ అంటారు, మగపిల్లల్లో ఎక్కువ. చాలామందికి టీనేజీ దాటేసరికి దానంతటదే తగ్గిపోతుంది. తగ్గేలోపు పిల్లాడు కళ్లు నులుముకోవడమే అసలు నష్టం. గాజువాకలోనైనా మధురవాడలోనైనా ఆటోలో స్కూలుకెళ్లే పిల్లాడిని సాయంత్రం ఓసారి గమనించండి. చేతి కణుపులతో రెండు కళ్లనూ గుండ్రంగా, గట్టిగా రుద్దుతుంటే అది అలసట వల్ల వచ్చిన అలవాటని కొట్టిపారేయకండి. అలా రుద్దడానికీ కెరటోకోనస్‌కీ దగ్గరి సంబంధం ఉంది.

చేయాల్సింది చల్లటి నీళ్లతో కాపడం, ఫ్రిజ్‌లో పెట్టిన కన్నీటి చుక్కలు, డాక్టరు రాసిన ఎలర్జీ చుక్కలు. చేయకూడనిది మందుల షాపులో ‘దురదకు ఏదైనా ఇవ్వండి’ అని అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చి నెలల తరబడి వేయడం. వేసిన రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, అందుకే మళ్లీ మళ్లీ కొంటారు. ఈలోపు కంటిలో ఒత్తిడి పెరిగి గ్లకోమా, లోపల శుక్లం రావచ్చు. గ్లకోమాతో పోయిన చూపు తిరిగి రాదు. పన్నెండేళ్ల పిల్లాడికి ఇలా జరగడం పూర్తిగా నివారించగలిగిన విషాదం.

సిలిండర్ పవర్ ఆరు నెలలకోసారి పెరుగుతున్నా, దాని కోణం మారుతున్నా, కొత్త జోడు పెట్టినా 6/6 రాకపోయినా కార్నియా టోపోగ్రఫీ అడిగి చేయించండి. పెంటాకామ్ లాంటి యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చుంటే చాలు, నొప్పి ఉండదు, కొన్ని సెకన్లలో కార్నియా ముందు, వెనక ఉపరితలాల పటం వస్తుంది. జబ్బు ముదురుతోందని తేలితే సి3ఆర్ చేస్తారు. రైబోఫ్లేవిన్ అనే విటమిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతి తగిలించి కార్నియాను గట్టిపరుస్తారు. ఇది లేజర్ కాదు, సైటు తీసేది కాదు. జబ్బును అక్కడితో ఆపేది. దీనికి పద్దెనిమిది దాకా ఆగకూడదు. పిల్లల్లో కెరటోకోనస్ పెద్దవాళ్లకంటే వేగంగా ముదురుతుంది.

పిల్లలకు నిజంగా లేజర్ చేసే సందర్భాలు

చిన్నపిల్లలకు ఎక్సైమర్ లేజర్ అసలు వాడరా అంటే, వాడే సందర్భం ఒకటుంది. ఒక కంటికి పవర్ దాదాపు లేకుండా, రెండో కంటికి మైనస్ 8 ఉన్న నాలుగేళ్ల పాపను ఊహించుకోండి. మసక కన్ను పంపే బొమ్మను మెదడు పక్కనపెట్టేస్తుంది. కొన్నేళ్లు అలాగే వదిలేస్తే ఆ కంటికి ఎంత మంచి అద్దం పెట్టినా చూపు రాదు. దీన్నే లేజీ ఐ అంటారు. కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సు, మంచి కంటికి ప్యాచ్ వేయడం, ఇవే మొదటి వైద్యం. చాలామందికి వీటితోనే నడుస్తుంది. ఆటిజం లాంటి సమస్య వల్ల పిల్లలు జోడును ముఖం మీద నిలవనివ్వకపోయినా, లెన్సు పెట్టడం అసాధ్యమైనా, అన్నీ విఫలమయ్యాక మాత్రమే, అనుభవమున్న పెద్ద కేంద్రాల్లో, ఫ్లాప్ లేకుండా కార్నియా పైభాగాన్నే చెక్కే పీఆర్‌కే రకం లేజర్ గానీ లోపల లెన్సు గానీ ఆలోచిస్తారు.

అప్పుడు కూడా లక్ష్యం కళ్లజోడు తీసేయడం కాదు, ఆ కంటికి చూపు నేర్పడం. లేజర్ తర్వాత కూడా ప్యాచ్ తప్పదు, మిగిలిన పవర్‌కి జోడు తప్పకపోవచ్చు. పెద్దవాళ్లు చుక్కల మత్తుతో ఎదురుగా ఉన్న దీపాన్ని చూస్తూ పడుకుంటారు. చిన్నపిల్లలు ఉండలేరు కాబట్టి పూర్తి మత్తు ఇవ్వాలి. మత్తులో కన్ను దానంతటది సూటిగా నిలవదు, సర్జనే పట్టి సరిచేయాలి. గాయం మానే జోరు పిల్లల్లో ఎక్కువ కనుక కార్నియా మీద మబ్బులాంటి మచ్చ రావడం, పవర్ కొంత వెనక్కి రావడం జరుగుతుంటాయి. ఫ్లాప్ చేస్తే ఆటల్లో దెబ్బ తగిలి జరిగిపోతుందేమోనన్న భయం వేరే. ఇన్ని చిక్కులున్నాయని తెలిసే చేస్తారు.

ఇక్కడే ఇంకో గందరగోళం తీర్చాలి. ‘పిల్లలకు పద్దెనిమిది దాకా లేజర్ వద్దట’ అన్న మాట చెవిన పడి, అత్యవసరమైన వేరే లేజర్లను వాయిదా వేసే కుటుంబాలున్నాయి. నెలలు నిండకుండా, 34 వారాలలోపు గానీ రెండు కిలోలకంటే తక్కువ బరువుతో గానీ పుట్టిన బిడ్డకు, కేజీహెచ్‌లో పుట్టినా ప్రైవేటులో పుట్టినా, 30 రోజులు దాటకుండా రెటీనా పరీక్ష చేయించాలి. ఆర్‌ఓపీ అనే రెటీనా జబ్బు ముదిరిందని తేలి లేజర్ గానీ ఇంజక్షన్ గానీ చెబితే రెండు మూడు రోజుల్లోనే జరిగిపోవాలి. వారం ఆలస్యమైనా రెటీనా ఊడి చూపు శాశ్వతంగా పోవచ్చు. అలాగే ఎక్కువ మైనస్ ఉన్న టీనేజర్ రెటీనాలో చిన్న రంధ్రం కనిపిస్తే చుట్టూ లేజర్‌తో వెల్డింగ్ చేస్తారు. ఇవి కంటి వెనక భాగానికి చేసేవి, లాసిక్‌తో సంబంధం లేనివి, వయసు పరిమితి లేనివి.

పద్దెనిమిది లోపు చేయాల్సిన పని

ఎనిమిదేళ్ల నుంచి పదిహేను దాకా పవర్ ఎంత పెరుగుతుందన్నదే రేపు లేజర్‌కు కార్నియా సరిపోతుందా లేదా తేలుస్తుంది. మైనస్ 3 దగ్గర ఆగిన కన్ను, మైనస్ 7కి వెళ్లిన కన్ను ఇరవై ఒకటో ఏట లేజర్ గది ముందు ఒకటి కావు. కాబట్టి పెట్టే శ్రద్ధంతా ఇక్కడ పెట్టాలి.

మొదటిది సరైన కొలత. కళ్లద్దాల షాపులో ఉచితంగా చేసే కంప్యూటర్ పరీక్ష పిల్లలకు చాలదు. పిల్లల కంటి కండరం బలంగా బిగుసుకుని, లేని మైనస్‌ను చూపిస్తుంది. సైక్లోపెంటోలేట్ లాంటి చుక్కలు వేసి, ముప్పావుగంట ఆగి, కండరం సడలాక చూసిందే అసలు పవర్. ఆ రోజంతా దగ్గరివి మసకగా, ఎండ మిరుమిట్లుగా ఉంటుంది. మర్నాడు పరీక్ష ఉంటే ఆ రోజు పెట్టుకోకండి. పూర్తి పవర్ జోడు ఇస్తే సైటు పెరుగుతుందని తగ్గించి రాయించుకోవడం దండగ. తగ్గించి ఇవ్వడం వల్ల మేలు జరగదని, కొందరిలో పెరుగుదల ఎక్కువైందని పరీక్షల్లో తేలింది.

పవర్ ఏడాదికి అరకు మించి పెరుగుతుంటే వేగం తగ్గించే మార్గాలున్నాయి. తక్కువ గాఢత అట్రోపిన్ చుక్కలు రాత్రి పడుకునే ముందు ఒక్కోటి చొప్పున వేస్తారు. మన దగ్గర 0.01 శాతం ఎక్కువగా రాస్తారు. హాంకాంగ్‌లో జరిగిన ల్యాంప్ అధ్యయనంలో 0.05 శాతం బాగా పనిచేసింది. ఇష్టమొచ్చినప్పుడు ఆపేస్తే పవర్ ఒక్కసారిగా ఎగబాకవచ్చు కాబట్టి ఆపడం కూడా డాక్టరే చెప్పాలి. ఎసిలార్ స్టెలెస్ట్, హోయా మయోస్మార్ట్ లాంటి ప్రత్యేక కళ్లద్దాలు అంచుల్లో ఉన్న సూక్ష్మ లెన్సులతో కన్ను సాగడాన్ని నెమ్మదింపజేస్తాయి. రోజుకు పన్నెండు గంటలైనా పెట్టుకుంటేనే ఫలితం. వీటి ఖరీదు ఎక్కువ, కానీ ఎక్కువమంది విషయంలో డబ్బు వృథా అయ్యేది ఫ్రేమ్ దగ్గర. విశాఖ ఉక్కకు ముక్కు మీద చెమట పట్టి జోడు కిందికి జారుతుంది, పిల్లాడు లెన్సు పైఅంచులోంచి చూస్తాడు. లెన్సు మధ్య భాగం సరిగ్గా కంటిపాపకు ఎదురుగా ఉండాలి. సిలికాన్ ముక్కు ప్యాడ్లు, చెవుల వెనక పట్టీ పెట్టించి, మూడు నెలలకోసారి ఫ్రేమ్ సరిచేయించండి.

బయటి వెలుతురు రోజుకు రెండు గంటలు. సైటు రాకుండా ఆపడంలో దీని ప్రభావం బలమైనది, వచ్చాక పెరుగుదలను తగ్గించడంలో కొంచెమే. ఎండలో నిలబడక్కర్లేదు. చెట్టు నీడలో కూడా తరగతి గదికి ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. పొద్దున్నే బీచ్ రోడ్డు, సాయంత్రం కాలనీ పార్కు చాలు. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సు పేరుతో పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ట్యూబ్‌లైటు కింద కూర్చోబెట్టే రెసిడెన్షియల్ పద్ధతి పిల్లల కళ్లకు చేస్తున్న నష్టం గురించి తల్లిదండ్రులు కాలేజీ యాజమాన్యాల్ని గట్టిగా అడగాలి. ఆటల పీరియడ్ టైంటేబుల్‌లో ఉంటే చాలదు, జరగాలి.

ఉద్యోగం కోసమే అయితే ముందు నోటిఫికేషన్ చదవండి

తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు ఇది, రైల్వే డివిజన్ కేంద్రం ఉన్న ఊరు ఇది. కుర్రాళ్లు లేజర్ అడగడానికి ఈ రెండూ పెద్ద కారణాలు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కు జోడు లేకుండా రెండు కళ్లకూ 6/6 కావాలి, నిజమే. అయితే సైటు పోగొట్టే లాసిక్ గానీ మరే ఆపరేషన్ గానీ చేయించుకున్నవాళ్లు ఆ పోస్టుకు అనర్హులని అదే నోటిఫికేషన్‌లో ఉంటుంది. ఆ ఉద్యోగం కోసం లేజర్ చేయించుకోవడమంటే ఆ ఉద్యోగాన్ని వదులుకోవడమే. సైనిక దళాల అధికారుల ఎంపికలో లాసిక్‌కు ఒప్పుకునే చోట్ల సాధారణంగా పెట్టే షరతులు: ఆపరేషన్ నాటికి ఇరవై దాటి ఉండాలి, ఏడాది గడిచి ఉండాలి, కంటి పొడవు 26 మిల్లీమీటర్లు మించకూడదు, ఫ్లాప్‌తో కలిపి మిగిలిన కార్నియా మొత్తం మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు. ఎన్‌డీఏకు వెళ్లేది పదహారున్నర, పంతొమ్మిదిన్నర మధ్య వయసువాళ్లు. కాబట్టి ఇరవై దాటాలన్న షరతు వాళ్లకు ఎలాగూ కుదరదు. శాఖను బట్టి, సంవత్సరాన్ని బట్టి ఇవి మారుతుంటాయి. ఆ ఏటి నోటిఫికేషన్‌లోని వైద్య ప్రమాణాల పేజీ ప్రింటు తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.

పెళ్లిచూపుల ఒత్తిడితో వచ్చే అమ్మాయిలకు ఒక మాట. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు పవర్ మారుతుంది, కన్ను ఆరిపోతుంది కాబట్టి లేజర్ చేయరు. ఇరవై ఒకటి, ఇరవై రెండు ఏళ్లకు పవర్ నిలిచి ఉంటే పెళ్లికి ముందే చేయించుకోవడం సబబే. పవర్ ఇంకా కదులుతుంటే సంబంధం కోసం తొందరపడొద్దు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. అవి కంటి తడిని తగ్గిస్తాయి, మానేసి కొన్ని నెలలు గడిచాకే లేజర్.

అన్నీ కుదిరి పరీక్షకు వెళ్లే రోజు వస్తే, మెత్తటి కాంటాక్ట్ లెన్సులు కనీసం వారం, రెండు వారాల ముందు, గట్టివి మూడు నాలుగు వారాల ముందు తీసేయాలి. లేదంటే లెన్సు నొక్కిన ఆకారాన్నే యంత్రం కార్నియా ఆకారంగా చూపిస్తుంది. చుక్కలు వేయకముందు పవర్, వేశాక పవర్, టోపోగ్రఫీ, మందం, కంటిపాప వెడల్పు చూస్తారు. కన్నీటి పరీక్షలో కింది రెప్పకు చిన్న కాగితపు పట్టీ తగిలించి ఐదు నిమిషాలు ఉంచుతారు. పది మిల్లీమీటర్లైనా తడవకపోతే ముందు పొడిబారడానికి వైద్యం చేయాలి. చివర కంటిపాపను పెద్దది చేసి రెటీనా అంచుల దాకా చూస్తారు. ‘ఇవాళే పరీక్ష, రేపే ఆపరేషన్’ ఆఫర్ల జోలికి పోకండి. టోపోగ్రఫీ కాగితం మీ చేతికి ఇవ్వమని అడగండి. అనుమానం ఉంటే పెదవాల్తేరు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో, హనుమంతవాక ఎల్.వి. ప్రసాద్‌లోనో, మరో కార్నియా నిపుణుడి దగ్గరో ఆ కాగితం చూపించి రెండో మాట తీసుకోవచ్చు. లేజర్ అయ్యాక నెల రోజులు రుషికొండ సముద్ర స్నానాలూ, ఈతకొలనూ వద్దు, కన్ను నులుముకోవడం ఎప్పటికీ వద్దు.

మైనస్ 6 కన్నుకు లేజర్ చేశాక కూడా అది లోపల పొడవైన కన్నే. రెటీనా పలచదనం అలాగే ఉంటుంది, ఊడే ముప్పు అలాగే ఉంటుంది. జోడు పోయింది కదా అని కంటి డాక్టరును మర్చిపోవడం చాలామంది చేసే పని. ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఉన్నట్టుండి మెరుపులు కనిపించినా, నల్లటి చుక్కల వర్షం కురిసినట్టున్నా, చూపులో ఒక పక్క తెర దిగినట్టున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.